వెనిస్‌లో బస ఏ పేటలో? యూరప్ యాత్రల నిర్వాహకులకు బహిరంగ లేఖ



విషయం: వెనిస్ నగరంలో యాత్రికుల బసకు తగిన పేటను ఎంచుకోవడం, ఆ పేట పేరును యాత్రాపత్రంలో ముందుగానే ప్రకటించడం గురించి.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం నగరాల నుంచి వేసవి సెలవుల్లో బయలుదేరే యూరప్ బృందయాత్రల్లో ఇటలీ ఉన్నదంటే వెనిస్ కూడా తప్పక ఉంటుంది. అయితే ఆ నగరానికి చాలాసార్లు ఒక పూట మాత్రమే దక్కుతుంది, రాత్రి బస నగరంలో కాక ప్రధాన భూభాగం మీద ఉన్న మెస్త్రెలోనో, ఇంకా దూరాన పాదువా పరిసరాల్లోనో ఏర్పాటవుతుంది. ఉదయం బస్సు త్రొంకెత్తో అనే కృత్రిమ ద్వీపం దగ్గర యాత్రికులను దింపుతుంది, అక్కడి నుంచి మోటారు పడవ వారిని సాన్ మార్కో చౌకుకు దగ్గరలోని రేవుకు చేరుస్తుంది, చౌకులో ఫొటోలు, గాజు తయారీ ప్రదర్శన, వీలైతే గొందోలా పడవలో ఒక చుట్టు ముగిశాక అదే దారిలో వెనక్కి తీసుకుపోతుంది. ఇలా వెళ్లిన యాత్రికుడు నగరంలో అన్నింటికంటే రద్దీగా ఉండే చోటును, అన్నింటికంటే రద్దీగా ఉండే వేళలో చూసి తిరిగి వస్తాడు. యాత్రికుడు రాత్రి తలదాచుకునే పేటను బట్టే అతనికి కనిపించే వెనిస్ మారుతుందనీ, అందువల్ల పేట ఎంపికను గది ధర తేలిన తర్వాత చూసుకునే చిన్న విషయంగా వదిలేయకుండా యాత్రా ప్రణాళికలో మొదటి నిర్ణయంగా తీసుకోవాలనీ నిర్వాహకులకు విన్నవించడమే ఈ లేఖ ఉద్దేశం.

ఈ విన్నపం బలం తెలియాలంటే ముందు నగరం అమరికను గమనించాలి. సుమారు 550 చదరపు కిలోమీటర్ల ఉప్పునీటి కాయల్లో, అంటే సముద్రం నుంచి సన్నని ఇసుక దిబ్బలు వేరుచేసిన లోతులేని జలాశయంలో, వందకు పైగా చిన్న చిన్న ద్వీపాల మీద వెనిస్ నిలిచి ఉంది. ఆ ద్వీపాలను నాలుగు వందలకు పైగా వంతెనలు కలుపుతాయి. తిరగేసిన ఎస్ అక్షరంలా వంపులు తిరిగే మహా కాలువ, అంటే గ్రాండ్ కెనాల్, దాదాపు 3.8 కిలోమీటర్ల పొడవున నగరాన్ని రెండుగా చీలుస్తుంది, దాన్ని కాలినడకన దాటడానికి నాలుగే వంతెనలు ఉన్నాయి. నగరాన్ని పూర్వకాలం నుంచి ఆరు పేటలుగా విభజించారు. ఒక్కొక్క పేటను సెస్తియెరె, అంటే ఆరో భాగం, అని పిలుస్తారు. కాలువకు ఒక పక్క కన్నరేజో, సాన్ మార్కో, కస్తెల్లో పేటలూ, రెండో పక్క సాంతా క్రోచె, సాన్ పోలో, దొర్సొదూరో పేటలూ ఉన్నాయి. వీటికి దక్షిణాన ఉన్న జుదెక్కా ద్వీపం పరిపాలనపరంగా దొర్సొదూరోకు చెందినా జీవన సరళిలో వేరే పేట లాంటిదే.

ఇక బస విషయంలో యాత్రికులను తికమక పెట్టే మొదటి అంశం మెస్త్రె. 1846లో రైలు వంతెన, 1933లో రోడ్డు వంతెన వచ్చేదాకా వెనిస్‌కు నేలదారి లేదు. ఈ రెండు వంతెనల భూభాగపు చివర మెస్త్రె పట్టణం, దాని పక్కన 1917 నుంచి రూపుదిద్దుకున్న మార్గెరా పారిశ్రామిక రేవు ఉన్నాయి. 1926లో మెస్త్రెను వెనిస్ నగరపాలక సంస్థలో విలీనం చేశారు కనుక, అక్కడి హోటలు తన చిరునామాలో వెనిస్ అని రాసుకోవడం చట్టరీత్యా తప్పు కాదు. కానీ యాత్రాపత్రంలో ‘వెనిస్‌లో రాత్రి బస’ అన్న మాట చదివిన తెలుగు కుటుంబం కాలువల ఒడ్డున గదిని ఊహించుకుంటుందే తప్ప రైల్వేస్టేషను ఎదుట ఆరంతస్తుల భవనాన్ని ఊహించుకోదు. చట్టం అనుమతించిన మాటే అయినా అది చదివేవారికి సత్యాన్ని చెప్పడం లేదు కాబట్టి, దానిని సరిదిద్దవలసిన బాధ్యత ఆ పత్రాన్ని అచ్చువేసే సంస్థదే.

మెస్త్రెలో బస చేయడమే తప్పని దీని అర్థం కాదు. అక్కడి స్టేషను నుంచి వెనిస్ సాంతా లూచియా స్టేషనుకు రైలులో పది నిమిషాలే పడుతుంది, 2015 నుంచి మెస్త్రె ట్రాము కూడా వంతెన దాటి పియాత్సాలె రోమా దాకా, అంటే నగరంలోకి బస్సులూ కార్లూ రాగలిగిన చివరి చోటు దాకా, వెళుతోంది. గదులు సాధారణంగా చవక, లిఫ్టులు ఎక్కువ, బస్సు హోటలు గుమ్మం ముందుకే వస్తుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు సూట్‌కేసుతో ఒక్క మెట్టు కూడా ఎక్కవలసిన అవసరం ఉండదు. మార్గెరా నౌకా నిర్మాణ కేంద్రంలో పని కోసం వచ్చిన బంగ్లాదేశ్ కుటుంబాలు మెస్త్రెలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి కనుక బియ్యం, పప్పు, మసాలా దినుసులు అమ్మే దుకాణాలు కూడా స్టేషను పరిసరాల్లో దొరుకుతాయి. పథ్యం పాటించేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఇన్ని అనుకూలతలున్న చోటును దాచవలసిన పనిలేదు, ‘మెస్త్రెలో బస, అక్కడి నుంచి వెనిస్‌కు పది నిమిషాల రైలు ప్రయాణం’ అని స్పష్టంగా రాస్తే నిర్ణయం యాత్రికుడి చేతిలో ఉంటుంది.

అయితే మెస్త్రెలో బసవల్ల పోయేదేమిటో కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. వెనిస్‌కు వచ్చేవారిలో అధిక భాగం ఉదయం వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారు కావడం వల్ల, ఆ నగరానికి రోజులో రెండు రూపాలు ఉన్నాయి: పొద్దున పది నుంచి సాయంత్రం ఐదారు దాకా రియాల్తో వంతెనకూ సాన్ మార్కో చౌకుకూ మధ్యనున్న సందుల్లో కాలు కదపడమే కష్టమవుతుంది, రాత్రి పడ్డాక అవే సందుల్లో పక్కింటివారి మాటలు, పడవ తెడ్ల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం ఆవరిస్తుంది. కార్లు, మోటారు సైకిళ్లు అసలే లేని నగరంలో ఈ నిశ్శబ్దం ప్రపంచంలో మరెక్కడా సులభంగా దొరకనిది. వేల రూపాయలు కూడబెట్టి, జీవితంలో ఒక్కసారే అంత దూరం వెళ్లే తెలుగు యాత్రికుడికి అది దక్కకుండా పోవడం విచారకరం. నగరం లోపల ఒక్క రాత్రి గడిపితే ఒక సాయంత్రం, ఒక తెల్లవారుజాము కలిసి వస్తాయి, అవి పగటి పూట చేసే మూడు పర్యటనలకంటే విలువైనవి.

నిర్వాహకులు లెక్కలోకి తీసుకోవలసిన నిబంధనలు కూడా ఇటీవల మారాయి. పగటిపూట వచ్చిపోయేవారి తాకిడిని తగ్గించడానికి 2024 ఏప్రిల్ 25 నుంచి వెనిస్ నగరపాలక సంస్థ కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, ఉదయం 8.30 నుంచి సాయంత్రం 4 గంటల మధ్య పాత నగరంలోకి ప్రవేశించేవారి నుంచి 5 యూరోల రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. 2025లో ఆ రోజుల సంఖ్యను 29 నుంచి 54కు పెంచి, సందర్శనకు ముందరి చివరి రోజుల్లో నమోదు చేసుకున్నవారికి రుసుమును 10 యూరోలు చేసింది. నగరపాలక సంస్థ పరిధిలో రాత్రి బస చేసేవారు హోటలు ద్వారా బస పన్ను చెల్లిస్తారు కనుక వారికి ఈ రుసుము మినహాయింపు ఉంది, మెస్త్రెలో ఉన్నవారికి కూడా అది వర్తిస్తుంది, కానీ మినహాయింపును ముందుగా నమోదు చేయించుకోవాలి. పాదువాలోనో సముద్రతీరపు పట్టణాల్లోనో బస చేసే బృందానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. అలాగే 2024లోనే మార్గదర్శకుడి వెంట నడిచే బృందంలో 25 మందికి మించి ఉండకూడదనీ, లౌడ్‌స్పీకర్లు వాడకూడదనీ నిబంధన వచ్చింది కాబట్టి, నిండు బస్సు జనాన్ని ఒకే జెండా వెనుక నడిపించే పాత పద్ధతి అక్కడ ఇక చెల్లదు. బృందాన్ని ఎలాగూ విభజించాలి కనుక, ఒక పెద్ద హోటలుకు బదులు ఒకే పేటలో రెండు మూడు చిన్న హోటళ్లలో దింపడం ఇప్పుడు మునుపటికంటే సులువైన ఆలోచన.

నగరం లోపల పేటను ఎంచుకునేటప్పుడు చూడవలసిన మొదటి కొలత వంతెనల లెక్క. అక్కడి వంతెనల్లో చాలావాటికి రెండు వైపులా మెట్లుంటాయి, వాటి మీదుగా ఇరవై మూడు కిలోల సూట్‌కేసును ఎత్తి దింపడం యువకులకు కూడా శ్రమే. కాబట్టి హోటలు స్టేషనుకు ఎన్ని మీటర్ల దూరంలో ఉందన్నదానికంటే, దగ్గరలోని పడవ రేవు నుంచి గుమ్మం దాకా ఎన్ని వంతెనలు ఎక్కి దిగాలన్నదే అసలు ప్రశ్న. నగరపు బస్సులుగా పనిచేసే ప్రజా రవాణా పడవలను వపొరెత్తో అంటారు. వీటిలో ఒకటో నంబరు పడవ పియాత్సాలె రోమా, సాంతా లూచియా స్టేషను మీదుగా మహా కాలువ పొడవునా దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతూ సాన్ మార్కోకూ, అక్కడి నుంచి లీదో ద్వీపానికీ వెళుతుంది. రెండో నంబరు పడవ తక్కువ రేవుల్లో ఆగుతుంది. నాలుగు, ఐదు శ్రేణుల పడవలు నగరం చుట్టూ తిరుగుతాయి. చక్రాల కుర్చీతో ఒకటి, రెండు నంబర్ల పడవలు ఎక్కవచ్చు కనుక, మెట్ల వంతెన అడ్డులేకుండా రేవు ఒడ్డునే ఉన్న హోటలు దొరికితే వృద్ధులు కూడా నగరంలో నిశ్చింతగా ఉండగలుగుతారు. 75 నిమిషాలు చెల్లే ఒక టికెట్టు 9.50 యూరోలు, అది కుటుంబానికి భారమే. అందుకే రెండు మూడు రోజులు ఉండేవారికి రోజుల లెక్కన ఇచ్చే పాసులు మేలు.

రెండో కొలత చిరునామా. వెనిస్‌లో ఇళ్ల నంబర్లు వీధివారీగా కాక పేటవారీగా వేల అంకెల్లోకి సాగుతాయి, అందువల్ల ‘కస్తెల్లో’ అన్న పేరు పక్కన నాలుగంకెల సంఖ్య మాత్రమే ఉన్న చిరునామా చూసి అది చౌకు పక్కన ఉందో, అరగంట నడక దూరంలో ఉందో చెప్పడం సాధ్యం కాదు. యాత్రాపత్రంలో పేట పేరుతో పాటు దగ్గరి వపొరెత్తో రేవు పేరు, దగ్గరి కాంపో పేరు కూడా ఇవ్వాలి. కాంపో అంటే చర్చి ముందు ఉండే బహిరంగ స్థలం, నడుమ ఒక పాత మంచినీటి బావి, చుట్టూ ఇళ్లు, దుకాణాలు ఉండే చిన్న చౌకు. వీధిని కాల్లె అనీ, కాలువ ఒడ్డు బాటను ఫొందమెంత అనీ అంటారు. ఈ మూడు మాటలు యాత్రికుడికి ముందే చెబితే గోడల మీద తెల్లని చదరాల్లో రాసి ఉండే పేర్లను అతను తనంతట తానే చదువుకోగలుగుతాడు.

ఇక పేటల సంగతి. మొదటిసారి వెళ్లే కుటుంబాలకు అన్ని విధాలా నప్పే పేట కన్నరేజో. సాంతా లూచియా స్టేషను ఈ పేటలోనే ఉంది, అక్కడి నుంచి రియాల్తో వైపు సాగే విశాలమైన బాట మీద దుకాణాలు, బేకరీలు, సూపర్ మార్కెట్లు ఉన్నాయి. ఆ బాట నుంచి ఉత్తరానికి నాలుగడుగులు వేస్తే మిసెరికొర్దియా, ఒర్మెసీని కాలువల ఒడ్డున స్థానికులు సాయంకాలం కూర్చునే చిన్న తినుబండారాల అంగళ్లు వస్తాయి. 1516లో వెనిస్ ప్రభుత్వం యూదులను ఒకే చోట ఉండాలని ఆదేశించి రాత్రిపూట ద్వారాలు మూయించిన గెత్తో ఇక్కడే ఉంది, 1797లో నెపోలియన్ సేనలు వచ్చాక ఆ ద్వారాలు తొలగిపోయాయి. చోటు చాలక అంతస్తుపై అంతస్తు వేసుకున్న ఆ ఇళ్లు, ఐదు ప్రార్థనా మందిరాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. తెలుగువారికి ఈ పేటతో మరో సంబంధం ఉంది: మార్కో పోలో కుటుంబపు ఇల్లు రియాల్తోకు సమీపంలో, ఇప్పుడు మలిబ్రాన్ నాటకశాల ఉన్న చోట ఉండేది. అతని యాత్రా వృత్తాంతంలో మోటుపల్లి రాజ్యం, దాని వజ్రాలు, అక్కడి సన్నని వస్త్రాలు, దానిని న్యాయంగా పాలించిన రాణి వర్ణితమయ్యాయి. ఆ రాణిని చరిత్రకారులు కాకతీయ రుద్రమదేవిగా గుర్తించారు. నేటి బాపట్ల జిల్లాలోని రేవు పేరును ఐరోపాకు వినిపించిన మనిషి ఇంటి స్థలం నడిచి వెళ్లేంత దూరంలో ఉండగా, ఒక్క తెలుగు బృందానికైనా దాన్ని చూపకపోవడం లోటే.

కస్తెల్లో తూర్పు చివరిదాకా వ్యాపించిన పెద్ద పేట, దాని పడమటి అంచు సాన్ మార్కోను ఆనుకుని రద్దీగా ఉంటుంది, తూర్పుకు పోయేకొద్దీ కిటికీల నడుమ బట్టలు ఆరవేసిన మామూలు ఇళ్ల వీధులు వస్తాయి. వెనిస్ గణతంత్రం తన నౌకాదళాన్ని నిర్మించుకున్న ఆర్సెనాలె, 1895లో మొదలైన బియెన్నాలె కళా ప్రదర్శన జరిగే ఉద్యానవనాలు, పాత కాలువను పూడ్చి వేసిన వెడల్పాటి గరిబాల్ది వీధి ఈ పేటలోనివే. 1324లో మరణించిన మార్కో పోలోను పాతిపెట్టిన సాన్ లొరెన్సో చర్చి కూడా ఇక్కడే ఉంది. నగరపు ప్రధాన ఆసుపత్రి ఈ పేట ఉత్తరపు ఒడ్డున ఉండడం వల్ల, గుండె జబ్బు, మధుమేహం వంటివి ఉన్న పెద్దలతో వెళ్లే కుటుంబాలకు ఆ పరిసరాలు ఆలోచించదగినవి. అంబులెన్సు కూడా పడవే అయిన ఊరిలో ఆ దగ్గరితనం ధైర్యాన్నిస్తుంది. చెట్లు, పిల్లలు ఆడుకునే స్థలం ఉన్న సాంతెలెనా తూర్పు కొసన ఉంది, చౌకుకు దూరమైనా పడవ నేరుగా వెళుతుంది కాబట్టి చిన్నపిల్లలున్నవారికి అది నప్పుతుంది.

దొర్సొదూరో చిత్రకళ, చదువు ముఖ్యమైనవారి పేట. వెనిస్ చిత్రకారుల పనితనాన్ని వరుసగా చూపే అకాదేమియా చిత్రశాల, ఆధునిక కళకు పేరుపొందిన పెగ్గీ గుగెన్‌హైమ్ సంగ్రహం, 1630 నాటి మహమ్మారి నుంచి విముక్తి కోసం మొక్కుకుని నిర్మించిన సాలూతె చర్చి నడక దూరంలో ఉంటాయి. 1868లో ఏర్పడిన కా’ ఫొస్కరి విశ్వవిద్యాలయం ఇక్కడే ఉండడం వల్ల సాంతా మర్గెరీతా చౌకులో రాత్రి దాకా విద్యార్థుల సందడి ఉంటుంది, త్వరగా నిద్రపోయేవారు ఆ చౌకు మీదికి తెరుచుకునే గదులు తీసుకోకూడదు. దక్షిణపు ఒడ్డున జాత్తెరె అనే పొడవైన, వెడల్పైన బాట మీద చలికాలంలో కూడా ఎండ పడుతుంది, వృద్ధులు నిదానంగా నడవడానికి నగరంలో అంతకంటే మంచి చోటు లేదు.

సాన్ పోలో, సాంతా క్రోచె పక్కపక్క పేటలు. సాన్ పోలో రియాల్తో సంతను ఆనుకుని ఉంది. కాయల్లోని సాంత్ ఎరాస్మో ద్వీపంలో పండిన కూరగాయలు ఉదయం వేళ ఆ సంతకు వస్తాయి కనుక, వంటగది ఉన్న బస తీసుకున్న శాకాహార కుటుంబానికి ఈ పేట చాలా అనుకూలం. తిత్సియానో చిత్రించి 1518లో ప్రతిష్ఠించిన మరియమాత స్వర్గారోహణ చిత్రం ఉన్న ఫ్రారి చర్చి, తింతొరెత్తో చిత్రాలతో నిండిన సాన్ రొక్కో భవనం కూడా ఇక్కడివే. సాంతా క్రోచె పేటలో ఒక అంచున పియాత్సాలె రోమా బస్సుల రద్దీ, మరో అంచున సాన్ జాకొమొ దెల్లొరియొ కాంపో చుట్టూ ప్రశాంతమైన ఇళ్ల వరుసలు కనిపిస్తాయి. తెల్లవారుజామున విమానం అందుకోవలసినవారు, ఎక్కువ సామాను ఉన్నవారు నగరంలో ఒక్క రాత్రి ఉండాలనుకుంటే ఈ పేటే ఉత్తమం, ఎందుకంటే బస్సు దిగిన చోటి నుంచి ఒకటి రెండు వంతెనలతోనే చేరగలిగే గదులు ఇక్కడ దొరుకుతాయి.

అందరూ అడిగే సాన్ మార్కో పేట గురించి కొంత వివరంగా చెప్పాలి. బసిలికా అనే పెద్ద చర్చి, దోజెల, అంటే వెనిస్ గణతంత్ర అధిపతుల, ప్రాసాదం, 1996లో కాలిపోయి 2003లో తిరిగి తెరుచుకున్న ఫెనీచె సంగీత నాటకశాల ఇక్కడ ఉన్నాయి. గదులు ఖరీదు, భోజనశాలలు ఎక్కువగా పర్యాటకుల మీద ఆధారపడినవి, పగలంతా కిటికీ కింద జనప్రవాహం ఉంటుంది. అన్నిటికీ మించి ఇది నగరంలో అతి పల్లపు ప్రాంతం. శరదృతువు నుంచి వసంతం ముందు దాకా పౌర్ణమి, అమావాస్యల పోటు, దక్షిణపు గాలి, అల్పపీడనం ఒకేసారి కలిసినప్పుడు సముద్రపు నీరు నగరంలోకి పొంగుతుంది. దీన్ని ఆక్వా ఆల్తా, అంటే ఎత్తునీరు, అంటారు. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్లకూ, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లకూ చేరింది. 2020 అక్టోబరు 3 నుంచి కాయల మూడు ముఖద్వారాల వద్ద 78 కదిలే గేట్లున్న మోసె అనే అడ్డుకట్ట పనిచేస్తూ పెద్ద వరదలను ఆపుతోంది, కానీ సాధారణంగా నీరు 110 సెంటీమీటర్ల స్థాయికి చేరుతుందన్న అంచనా ఉన్నప్పుడే దాన్ని లేపుతారు, సాన్ మార్కో చౌకులోకి మాత్రం 80 సెంటీమీటర్ల దగ్గరే నీరు రావడం మొదలవుతుంది. కాబట్టి దసరా, దీపావళి సెలవుల్లోనో సంక్రాంతికో బయలుదేరే బృందాలకు ఈ పేటలో కింది అంతస్తు గదులు తీసుకోకపోవడం, ఎంత ప్రఖ్యాతమైన చౌకైనా దానికి కొంచెం ఎడంగా ఉండడం మంచిది.

జుదెక్కా, లీదో ద్వీపాలు మరో రకం ఎంపిక. 1575–77 నాటి ప్లేగు శాంతించినందుకు కృతజ్ఞతగా వాస్తుశిల్పి పల్లాదియో రూపకల్పనలో నిర్మించిన రెదెంతోరె చర్చి ఉన్న జుదెక్కా నుంచి ఎదురుగా నగరమంతా కనిపిస్తుంది, కానీ ప్రతి రాకపోకకూ పడవ తప్పదు. లీదోలో కార్లు, బస్సులు, సముద్రతీరం ఉన్నాయి. 1932 నుంచి చలనచిత్రోత్సవం అక్కడ జరుగుతోంది. మూడు రాత్రులకు మించి ఉండేవారికి, సముద్రస్నానం కోరుకునేవారికి లీదో బాగుంటుంది. ఒక్క రాత్రి ఉండేవారికి ఈ రెండు ద్వీపాలూ సమయాన్ని తినేస్తాయి.

పేట ఎంపికలో యాత్రికుడి సౌకర్యంతో సమానంగా తూకం వేయవలసిన మరొకటి, అక్కడ పుట్టి పెరిగినవారి క్షేమం. పాత నగరంలో 1951లో సుమారు 1,75,000 మంది నివసించేవారు, 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటే దిగువకు పడిపోయింది. రియాల్తో దగ్గర సాన్ బర్తొలొమెయో చౌకులోని ఒక మందుల దుకాణం కిటికీలో, మిగిలిన నివాసుల సంఖ్యను చూపే అంకెల పలక 2008 నుంచి ఉంది. 2023లో పర్యాటకుల పడకల సంఖ్య నివాసుల సంఖ్యను మించిపోయిందని అక్కడి పౌర సంఘాలు లెక్కగట్టాయి. ప్రధాన భూభాగంలోని ఉద్యోగాలు, ఇళ్ల మరమ్మతు ఖర్చు, 1966 వరద వంటి కారణాలు ఈ వలసను మొదలుపెట్టినా, ఇళ్లను నెలవారీ అద్దెకు ఇవ్వడంకంటే రోజువారీగా పర్యాటకులకు ఇవ్వడం లాభసాటి కావడం దాన్ని మరింత పెంచింది. కుటుంబం ఖాళీ చేసిన ఇల్లు అద్దె గదిగా మారితే ఆ వీధిలో బడికి వెళ్లే పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే బడి, ఆ తర్వాత పాల దుకాణం, చెప్పులు కుట్టే అంగడి మూతపడతాయి, చివరికి యాత్రికుడు చూడాలని వచ్చిన నగరమే మిగలదు.

ఈ నష్టాన్ని ఒక్క తెలుగు సంస్థ ఆపలేదు, కానీ దానికి తోడ్పడకుండా ఉండగలదు. హోటలుగా లేదా యజమాని నివసిస్తూ గదులిచ్చే ఇంటిగా నమోదైన బసలను ముందు ఎంచుకోవాలి. ఇల్లంతా అద్దెకు తీసుకోవలసి వస్తే, 2025 జనవరి నుంచి ఇటలీ అంతటా తప్పనిసరి అయిన జాతీయ గుర్తింపు సంఖ్య ఆ ఇంటి ప్రకటనలో, గుమ్మం దగ్గర ఉందో లేదో చూడాలి. ఆ సంఖ్య లేని ఇల్లు చవకగా దొరికినా తీసుకోకూడదు, ఎందుకంటే నిబంధనలకు లోబడని ఇంట్లో సమస్య వస్తే పరదేశంలో యాత్రికుడు ఎవరిని ఆశ్రయించాలో తెలియదు. ఒకే పేటలో రెండు రాత్రులు ఉండి, ఆ పేట బేకరీలో రొట్టె, ఆ పేట సంతలో పండ్లు కొనే యాత్రికుడి డబ్బు అక్కడి జీవనానికి ఉపయోగపడుతుంది. మూడు గంటలు ఉండి వెళ్లేవాడు ఆ నగరానికి చెత్త, రద్దీ తప్ప మరేమీ ఇవ్వలేడు.

నిర్వాహకుల నుంచి వచ్చే అభ్యంతరం ఊహించగలిగినదే: నగరం లోపల గదులు ఖరీదు, బస్సు తీసుకుపోలేము, సామాను సమస్య, బృందం చెదిరిపోతుంది. వీటన్నిటికీ ఆచరణలో మార్గాలున్నాయి. పెద్ద సామానును మెస్త్రెలో నిలిపిన బస్సులోనే ఉంచి, ఒక్క రాత్రికి కావలసిన చిన్న సంచితో నగరంలోకి వెళ్లవచ్చు. కార్నివాల్, క్రిస్మస్ సెలవులు మినహా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నగరం లోపలి ధరలు బాగా తగ్గుతాయి. ఆ రాత్రికి అదనపు ధరను ఐచ్ఛికంగా పెట్టి, కోరుకున్నవారికే కన్నరేజోలో, సాంతా క్రోచెలో గది ఇచ్చి, మిగిలినవారిని మెస్త్రెలోనే ఉంచవచ్చు. ఎనిమిది రోజుల్లో ఐదు దేశాలు చూపే పట్టికలో ఒక దేశాన్ని తగ్గించి ఆ రోజును వెనిస్‌కు ఇవ్వడం కూడా నిజాయితీ గల ఆలోచనే.

కాబట్టి తెలుగు ప్రయాణ సంస్థల నిర్వాహకులకు ఈ లేఖ చేసే విజ్ఞప్తులు ఇవి. యాత్రాపత్రంలో ‘వెనిస్‌లో బస’ అని మాత్రమే రాసి వదలకుండా పేట పేరు, దగ్గరి రేవు పేరు, దారిలో ఎక్కవలసిన వంతెనల సంఖ్య అచ్చువేయాలి. మెస్త్రె అయితే మెస్త్రె అనే రాయాలి. డబ్బు కట్టించుకునే ముందు ప్రతి కుటుంబాన్నీ వయసు, నడక, ఆహారం, ఆరోగ్యం గురించి అడిగి, దాన్ని బట్టి పేటను సూచించాలి. బృందంలో కోరుకున్నవారికి పాత నగరం లోపల కనీసం ఒక రాత్రి అవకాశం కల్పించాలి. నమోదు సంఖ్య లేని ఇళ్లను ఎట్టి పరిస్థితిలోనూ బసకు తీసుకోకూడదు. యాత్రికులు కూడా డబ్బు చెల్లించే ముందు తమ రాత్రి బస ఏ పేటలో అని తప్పక అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేని సంస్థ చేతికి తమ ప్రయాణాన్ని అప్పగించకూడదు.


తెలుగు యాత్రికుల శ్రేయోభిలాషి